మొదటి బెంచీ

"ఒక్క మార్కే కదా మేడమ్. కలిపేస్తే పోయేదేముంది?"

క్లాస్ లీడర్ బతిమాలుతున్నా ఇంగ్లీషు మేడమ్ పేపర్ల మీంచి తల ఎత్తలేదు.

"కలిపితే అది నేనిచ్చిన పాసు అవుతుంది. తను తెచ్చుకున్నది కాదు," అంది.

మౌఖిక పరీక్షలో 'మొదటి బెంచీ' తప్పడం ఇది రెండోసారి. చేరిన రోజు నుంచీ ఆ బెంచీ వదలనందుకు క్లాసు పెట్టిన పేరది. జవాబులన్నీ బట్టీపట్టి వస్తుంది. మేడమ్ ఏదో పక్కదారి ప్రశ్న వేస్తుంది. అంతే, నోట మాట రాదు. అందరినీ నువ్వనే మేడమ్ ఆమెను మాత్రం మీరనేది. ఏదో పాత కోపం ఉండుంటుందని క్లాసు తేల్చేసింది. తను ఇంగ్లీషులో రాసిన పుస్తకం అచ్చయ్యాక మేడమ్‌కి కళ్ళు నెత్తికెక్కాయని కూడా చెప్పుకున్నారు.

మొదటి బెంచీ మాత్రం పల్లెత్తు మాట అనలేదు. బట్టీ మానేసింది. బస్టాపులో కనిపించిన బోర్డునల్లా పైకే చదివేది. క్యాంటీన్లో టీ కూడా ఇంగ్లీషులోనే అడిగేది. కుర్రాళ్ళు ముసిముసిగా నవ్వితే తనూ నవ్వి, తప్పెక్కడో చెప్పమని వాళ్ళ పక్కనే చతికిలబడేది. నెల తిరక్కుండా ఆ నవ్విన వాళ్ళే ఆమెతో కలిసి ఇంగ్లీషుతో కుస్తీ పడుతున్నారు. ఒక్క మనిషిలో ఇంత పట్టుదల ఎలా పట్టిందా అని లీడర్ నోరెళ్ళబెట్టాడు.

మూడోసారి పరీక్షకు మేడమ్ వేరే కాలేజీ లెక్చరర్‌ను పిలిపించి, తను కిటికీ దగ్గర నిలబడింది. లీడర్ గుమ్మం బయట చెవులు రిక్కించాడు.

ఇంగ్లీషు ఎందుకు నేర్చుకుంటున్నారని అడిగాడు లెక్చరర్. ఎవరూ ఊహించని ప్రశ్న. బయట లీడర్ తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

ఆమె మాటలు కూడదీసుకుని, తడబడుతూనే ఇంగ్లీషులో చెప్పింది.

"మా ఇంట్లో ఒకరు పుస్తకం రాశారు. నాకే అంకితమిచ్చారు. అడిగితే చదివి చెప్తారు. కానీ నేనే చదవాలి."

లెక్చరర్ కలం పక్కన పెట్టి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. లీడర్‌కు కళ్ళు చెమర్చాయి. కిటికీ దగ్గర మేడమ్ మాత్రం ఇటు తిరగనైనా తిరగలేదు. ఈవిడది గుండె కాదు, బండరాయి అనుకున్నాడు.

మార్కులు చూశాక మేడమ్ వరండాలోకి వచ్చి ఫోన్ తీసింది.

"నాన్నా, అమ్మ పాసైంది."