పక్కింటాయన

"మీ పక్కింటాయన ఈ వారం ఎలా ఉన్నాడండీ?"

తలుపు సందులోంచి ఆ మాట వినబడగానే బయట బెంచీ మీద కూర్చున్న కొడుక్కి ఒళ్ళు మండింది.

లోపల ఉన్నది అతని తండ్రి. ఎదురుగా సైకాలజిస్టు. ఆవిడకి ఆఫీసుల్లో వాడే ఇంగ్లీషూ మన భాషా రెండూ వచ్చు, పెద్దవాళ్ళతో మన భాషలోనే మాట్లాడుతుందని ఎవరో చెబితే ఏరికోరి ఇక్కడికి తీసుకొచ్చాడు.

కోడలు జబ్బుచేసి పోయిన దగ్గర్నుంచి పెద్దాయనకి తిండి సయించడం లేదు. రాత్రుళ్ళు కొడుకు గదికి ఎదురుగా, హాల్లో కుర్చీ వేసుకుని మెలకువగా కూర్చుంటున్నాడు. ఆ ఇంట్లో ఇక మిగిలింది వాళ్ళిద్దరే.

కొడుకు మాత్రం తట్టుకున్నాడు. పదిహేను రోజులు తిరక్కుండానే ఆఫీసుకి వెళ్ళాడు. ఆమె చీరలు మూటగట్టి ఎవరికో ఇచ్చేశాడు. కంట తడి పెట్టలేదు. గట్టి మనిషని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవడానికి మనవాళ్ళకి పోయేదేముంది.

"అలాగే ఉన్నాడమ్మా." లోపల తండ్రి గొంతు. "నిద్రపోడు. తిన్నా తిన్నట్టుండదు. మనసులో మాట బయటికి రానివ్వడు."

"ఏడ్చాడా?"

"లేదు. అదే నా భయం."

"తొందరపెట్టకండి. పోయినావిడ ఊసు మీరే మెల్లగా ఎత్తండి. ఆవిడ వంట గురించో, నవ్వు గురించో, చిన్న మాట."

కొడుకు ఇక ఆగలేక తలుపు తోసుకుని లోపలికెళ్ళాడు.

"మేడం, మా పక్క ఫ్లాటుకి ఎప్పట్నుంచో తాళం. పక్కింటాయనా లేడు, ఎదురింటాయనా లేడు. ఈయన తన బాధే ఎవరి మీదో పెట్టి చెబుతుంటే మీరు తల ఊపుతున్నారు."

తండ్రి తల దించుకున్నాడు.

కొడుకు ఆఫీసు భాషలోకి మారాడు. కావలసింది వైద్యం గానీ కాలక్షేపం కాదని ఆ భాషలో గట్టిగానే అడిగాడు.

ఆవిడ మన భాషలోనే జవాబిచ్చింది.

"ఆయనకి రాని భాషలో ఆయన గురించి మాట్లాడుకోవద్దు బాబూ. ఇంకొన్నాళ్ళు రానివ్వండి. వీలైతే మీరూ వచ్చి కూర్చోండి."

"నాకేం, నేను బాగానే ఉన్నాను."

దారిలో తండ్రి ఒకే మాట అన్నాడు. "ఆవిడ మంచిదిరా."

"మంచితనంతో జబ్బు తగ్గుతుందా నాన్నా?"

మర్నాడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరుకి మన భాష రాదు. ఆయన సూటిగా అడుగుతుంటే కొడుకే ఆ ప్రశ్నల్ని తండ్రికి మన భాషలో తిప్పి చెప్పాడు.

"బాధగా ఉందా?"

"లేదు."

"ఏడుపొస్తోందా?"

"నాకెందుకొస్తుంది?"

ఇదే సరైన వైద్యమని కొడుకు సంతోషించాడు. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు.

ఆ రోజు భోజనాల దగ్గర తండ్రి కాసేపు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"కోడలు కూరలో ఉప్పు మర్చిపోయేది. మనం తినేశాక తను రుచి చూసి నాలిక్కరుచుకునేది. గుర్తుందిరా?"

కొడుకు కంచం పక్కకి నెట్టాడు.

"మళ్ళీ మొదలెట్టకు. మాత్ర వేసుకుని పడుకో."

పెద్దాయన ఆ తర్వాత కోడలి ఊసెత్తలేదు. రానురాను ఏ ఊసూ ఎత్తలేదు. ఒక తెల్లవారుజామున ఆ హాల్లో కుర్చీలోనే గుండె ఆగిపోయింది.

కర్మకాండలన్నీ అయ్యాక కొడుకు సైకాలజిస్టు గదికి వచ్చాడు. ఎందుకొచ్చాడో అతనికే సరిగా తెలియదు. ఇంట్లో ఒక్కడే ఉండలేకపోతున్నాడు, అంతే.

"మా నాన్న పోయారు మేడం."

ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"నాతో ఏదీ చెప్పుకోలేదు," అన్నాడు కొడుకు. "మీకేమైనా చెప్పారా?"

"మీ అంతట మీరొచ్చి అడిగితే చెప్పమన్నారు."

"లేని మనిషి కథని అన్నాళ్ళు ఎలా నమ్మారు?"

"ఇంటి గుట్టు బయటపెడితే అయినవాళ్ళు చులకనైపోతారని మన పెద్దవాళ్ళకి భయం. అందుకే బాధని పక్కింట్లో పెట్టి చెబుతారు. కాదు పొమ్మంటే ఆ నాలుగు మాటలూ చెప్పరు. నేనూ పక్కింటి గురించే మాట్లాడాను."

"అయితే ఆ బాధ ఆయనదేనని మీకు మొదట్నుంచీ తెలుసన్నమాట."

ఆవిడ అతనికేసి జాలిగా చూసింది.

"మీ నాన్నగారు తన కోసం ఏనాడూ ఏదీ అడగలేదు బాబూ. భార్య పోయినా ఏడవలేకపోతున్న కొడుకుని దగ్గర కూర్చోబెట్టుకుని ఎలా ఏడిపించాలో నేర్చుకోడానికి వచ్చేవారు."