ఒక్కసారి కూడా లేదు

యోరున్ చర్చి హాల్లోకి రాగానే వెంకె లేచి వెళ్లి కిటికీ తెరిచింది.

బయట మంచు పడుతోంది. అయినా ఎందుకు తెరిచావని ఎవరూ అడగలేదు. చేపల వాసన అందరికీ తగిలింది.

"షెడ్డు నుంచి నేరుగా వచ్చేశాను. ఏమీ అనుకోకండి," అంది యోరున్, తలుపు పక్క కుర్చీలో ఒదిగి కూర్చుంటూ.

నార్వేలోని లోఫోటెన్ దీవుల్లో అది కాడ్ చేపల కాలం. యోరున్‌కు అరవై దాటాయి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చేపలు కోయడమే పని. ఆదివారాలు చర్చిలో వెనక వరసలో కూర్చుని వెళ్లిపోయేది. ఆమె పేరు పాస్టరు హాల్వార్‌కు ఆ రోజే తెలిసింది.

ఈస్టరుకు ముందు శ్రమదినాల్లో, గురువారం గురువారం, ఆయన చర్చి హాల్లో ప్రార్థన నేర్పుతున్నాడు. మోకాళ్ల మీద చేసేది కాదు. ప్రతివాళ్లూ రోజూ చేసే పని ఒకటి ఎంచుకోవాలి. అది చేస్తూ మధ్యమధ్య దేవుణ్ణి తలుచుకోవాలి. వారం తిరిగాక ఎలా జరిగిందో చెప్పాలి. యోరున్ చేపలు కోయడం ఎంచుకుంది.

"అంట్లు కడుగుతూ నాలుగుసార్లు తలుచుకున్నా," అంది వెంకె, తర్వాతి గురువారం.

"మంచు తవ్విపోస్తూ నేను రెండుసార్లు," అన్నాడు ఐనార్. ఒకప్పుడు పడవ నడిపినవాడు. "మూడోసారి నడుం పట్టేసింది. అప్పుడూ తలుచుకున్నాను గానీ, దాన్ని ప్రార్థన అనలేం."

"మీరు, యోరున్?" అన్నాడు హాల్వార్.

"ఒక్కసారి కూడా లేదు అయ్యగారూ."

మరుసటి వారం అడిగితే అదే మాట.

ఆ పై వారం హాల్వార్‌కు ఓపిక తగ్గింది.

"రోజంతా చేపలు కోస్తారు కదా. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. మనసు ఖాళీయే. ఒక్క క్షణం దేవుడి వైపు తిప్పలేరా?"

"చూశానండీ. నాకు రావడం లేదు."

"రావడం లేదంటే మీరు మనసు పెట్టడం లేదన్నమాట."

"పోనీలెండి అయ్యగారూ," అంది వెంకె. "కాడ్ తల నరికేటప్పుడు దేవుడు గుర్తొస్తే వేలు తెగుతుంది."

అందరూ నవ్వారు. హాల్వార్ కూడా నవ్వాడు.

యోరున్ మెడ దాకా ఎర్రబడింది. కాఫీలయ్యాక అందరి కప్పులూ కడిగి బోర్లించి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది.

తర్వాతి గురువారం రాలేదు. నిజం చెప్పాలంటే, హాల్వార్‌కు హాయిగానే అనిపించింది. ఎందుకు రాలేదో కనుక్కుందామనుకున్నాడు. కనుక్కోలేదు.

ఈస్టరు వెళ్లిన వారానికి కబురొచ్చింది. మధ్యాహ్నం రొట్టె తిందామని బల్ల మీద కూర్చున్న యోరున్ అలాగే పక్కకు ఒరిగిపోయిందట. గుండె.

సమాధి దగ్గర ఏం చెప్పాలో హాల్వార్‌కు తోచలేదు. పిల్లల్లేరు. అన్నదమ్ములు లేరు. ఆమె గురించి తనకు తెలిసింది ఒక్క ముక్కా లేదు.

షెడ్డుకు వెళ్లాడు. పదకొండేళ్లు యోరున్ పక్కనే నిలబడి చేపలు కోసిన లిథువేనియా మనిషి దనూటె, చేతి తొడుగులు విప్పి బయటికొచ్చింది.

"మా ప్రార్థనకు వచ్చేది. మానేసింది," అన్నాడు హాల్వార్.

"సిగ్గుపడింది అయ్యగారూ. 'అందరూ దేవుణ్ణి తలుచుకుంటున్నారు, నాకొక్కదానికే చేతకావడం లేదు' అని ఇక్కడే, ఈ మెట్ల మీదే కూర్చుని ఏడ్చింది."

హాల్వార్ తల దించుకున్నాడు.

"ఆ రోజు అందరితోపాటు నేనూ నవ్వాను."

"ఆ సంగతి నాతో చెప్పలేదండీ. తన తప్పే చెప్పుకుంది." దనూటె ముంజేత్తో కళ్లు ఒత్తుకుంది. "నేనే అన్నాను, అదేమంత పని, మధ్యలో ఒకసారి తలుచుకుంటే అయిపోతుందిగా అని."

"ఏమంది?"

"'తలుచుకోవాలంటే ముందు మరిచిపోవాలి కదా దనూటె, ఆ మరిచిపోవడం ఎలాగో అయ్యగారు చెప్పలేదు,' అంది."