బేరం కుదరని త్రాసు

వచ్చిన ముసలాయన బూట్ల మట్టి గుమ్మం దగ్గరే దులుపుకున్నాడు. టోపీ తీసి చేత పట్టుకున్నాడు. అంత మర్యాదా చూపించి, "ఐదు డాలర్లిస్తాను" అన్నాడు.

ఆర్విడ్‌కు నవ్వు కూడా రాలేదు. త్రాసు నలభై అని కాగితం మీద స్పష్టంగానే రాశాడు. బెర్నిస్ తుపాకుల కొట్లో బోర్డు మీద ఆ కాగితం అంటించి రెండు రోజులైనా కాలేదు.

"ముందు త్రాసు చూడండి," అన్నాడు ఓపిక కూడదీసుకుని. ఓ కప్పు కాఫీ కూడా పోసిచ్చాడు.

గరాజ్‌లో బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి రెండూ.

ఒకటి భార్య మార్విస్ త్రాసు. ముప్పై ఏళ్లు ఆమె దాని మీద తుపాకి మందు తూచి ఇస్తే, ఆర్విడ్ ఖాళీ ఇత్తడి గొట్టాల్లో పోసి, పైన గుండు బిగించేవాడు. ఇంట్లో తూటాలన్నీ అలా ఇద్దరి చేతుల మీదుగా తయారైనవే.

ఆమె పోయి పద్నాలుగు నెలలు.

రెండోది కరెంటు యంత్రం. నాన్న చేతులు వణుకుతున్నాయని కూతురు కొనిపెట్టింది. అంకె నొక్కితే చాలు, అదే తూస్తుంది, అదే పోస్తుంది. మాట్లాడదు, అంతే తేడా.

"ఎన్ని నింపారు?" అడిగాడు ముసలాయన.

"నలభై. మనవరాలు టెస్‌కి. శనివారం మొదటిసారి ఎల్క్ దుప్పి వేటకు వెళుతోంది."

ముసలాయన తూటాల డబ్బా వంక చూస్తూ కాఫీ తాగడం మరిచిపోయాడు.

"సరే, ఈ త్రాసు పనిచేస్తుందని నేనెలా నమ్మాలి? మీ యంత్రం పోసిన మందు ఓసారి ఇందులో పెట్టి చూపించండి."

అడగడంలో న్యాయం ఉంది. ఆర్విడ్ అంకె నొక్కాడు. యంత్రం గురగురమంటూ పోసింది. ఆ గిన్నె తీసి త్రాసులో పెట్టాడు.

ముల్లు పైకి లేచి నిలబడిపోయింది. నొక్కిన అంకె కంటే రెండు గీతలు ఎక్కువ.

"ఇంకోసారి."

ఈసారి మూడు గీతలు.

"చూశారా? మీ త్రాసు అబద్ధాలకోరు," అన్నాడు ముసలాయన. "దీనికి ఐదు కూడా దండగే. మూడిస్తాను."

"అది మా ఆవిడది."

"అయితే మీ ఆవిడ ముప్పై ఏళ్లూ తప్పే తూచిందన్నమాట."

ఆర్విడ్ లేచి నిలబడ్డాడు. గట్టిగా అరిచే ఓపిక లేదు. "తలుపు అటుంది," అన్నాడు.

"కోపమెందుకు పెద్దాయనా? ఇంట్లో తూకం బిళ్లలుంటే వేసి చూసుకోండి. అబద్ధం ఎవరిదో ఇప్పుడే తేలిపోతుంది."

వెళ్తూ వెళ్తూ మూలనున్న తొట్టిలో తన కప్పు కడిగి, బోర్లించి మరీ వెళ్లాడు. అన్నేసి మాటలన్నాక కప్పు కడగడమేమిటో ఆర్విడ్‌కు అర్థం కాలేదు.

బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. కానీ ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. మార్విస్ తప్పు తూచిందా?

సొరుగు లాగాడు. దగ్గు బిళ్లల డబ్బాలో ఆమె దాచిన ఇత్తడి బిళ్లలు అలాగే ఉన్నాయి. ఒకటి తీసి త్రాసులో వేశాడు. ముల్లు సరిగ్గా గీత మీద ఆగింది. ఇంకోటి వేశాడు. మళ్లీ గీత మీదే.

అవే బిళ్లలు యంత్రం మీద పెట్టాడు.

ఉన్న బరువు కంటే తక్కువ చూపించింది.

అప్పుడు తగిలింది ముంజేతికి వెచ్చటి గాలి. కాళ్లు చల్లబడుతున్నాయని వారం కిందట బల్ల కింద హీటర్ పెట్టుకున్నాడు. ఆ గాలి వెనకనుంచి లేచి యంత్రం గిన్నెను పైకి తోస్తోంది. చాలలేదనుకుని అది ఇంకా ఇంకా పోసింది.

నలభై తూటాలు. మందు ఎక్కువైతే తుపాకే పేలిపోవచ్చు. తుపాకి పేల్చేటప్పుడు టెస్ చెంప దాని వెనక భాగానికి ఆనించి ఉంటుంది.

హీటర్ ఆపేశాడు. సుత్తిలాంటి పనిముట్టులో తూటా బిగించి నేలకేసి కొట్టాడు. గుండు ఊడి, మందు రాలింది. ఒకటి. రెండు. మూడు.

మూడో దెబ్బకి బయట పికప్ ట్రక్కు స్టార్టయిన చప్పుడు.

ఇంతసేపూ వాకిట్లోనే ఉన్నాడా ఈ మనిషి, అనుకున్నాడు విసుగ్గా.

ఆ మధ్యాహ్నమంతా మార్విస్ త్రాసు మీద, వణికే చేతులతోనే, నలభై మళ్లీ తూచాడు.

టెస్ ఎల్క్‌ను కొట్టుకొచ్చింది. చెంప మీద చిన్న గీత కూడా లేదు. మూడు వారాలకు ఆ మాంసంతో చేసిన సాసేజ్ పొట్లం ఒకటి పట్టుకుని ఆర్విడ్ బెర్నిస్ కొట్టుకు వెళ్లాడు.

"ఆ బేరాలాయన ఇల్లెక్కడ? ఓ మాట చెప్పాలి."

"లైల్ క్రాంప్టనా?" బెర్నిస్ కళ్లజోడు తీసింది. "మొన్న మంగళవారమే పాతిపెట్టి వచ్చాం. గుండెపోటు."

ఆర్విడ్ పొట్లం గల్లా మీద పెట్టాడు.

"నీకూ మూడు డాలర్లేనా?" అడిగింది బెర్నిస్.

"మూడే."

"అందరికీ అంతే. నా బోర్డు మీద త్రాసు కాగితం పడితే చాలు, బండి తీసేవాడు. పదిహేనేళ్లలో ఒక్కటి కొంటే ఒట్టు. ఎందుకయ్యా ఊరందరి చేతా తిట్లు తింటావంటే, 'మంచిగా చెబితే వినరు బెర్నిస్, ఒళ్లు మండితేనే తూచి చూసుకుంటారు' అనేవాడు."

"ఆయనా తూటాలు నింపేవాడా?"

"నింపేవాడు. పదిహేనేళ్లుగా తుపాకి ముట్టలేదు."

ఆమె బోర్డు దగ్గరికి వెళ్లి ఆర్విడ్ కాగితం ఊడదీసి అతని చేతిలో పెట్టింది.

"కొత్త యంత్రం కొన్నానని ఇక్కడ మొట్టమొదట త్రాసు అమ్మకానికి పెట్టింది లైలే. అది అమ్ముడుపోయిన వారమే, అతను నింపిచ్చిన తూటాకి తుపాకి బద్దలై వాళ్లమ్మాయి పోయింది."