ఒకే చొక్కా

“ఆ ఇస్త్రీపెట్టె కాసేపు పక్కన పెట్టండమ్మా, కూర్చుని మాట్లాడుకుందాం,” అంది రచయిత్రి.

“చేతులాగితే నా నోరూ ఆగిపోతుంది. నువ్వడుగు తల్లీ,” అంది పెద్దావిడ.

దేశాన్ని నడిపే నాయకుడి ఇంట్లో వెనకగది అది. ఎంతమంది పనివాళ్లున్నా కొడుకు చొక్కాలు మాత్రం ఆవిడే ఇస్త్రీ చేస్తుంది. ఒకప్పుడు నలుగురి బట్టలూ ఇస్త్రీ చేసి ఇల్లు నెట్టుకొచ్చింది.

ఎలాంటి ఇంట్లో పెరిగితే మనిషి అంత పెద్ద నాయకుడవుతాడు? రచయిత్రి రాస్తున్న పుస్తకమంతా ఆ ప్రశ్న చుట్టూనే.

“లేమిలో పెరిగినవాళ్లు రాటుదేలతారంటారు. నిజమేనా?”

“మా వీధంతా లేమే. ఇంటికో నాయకుడు పుట్టాలిగా మరి!”

“పోనీ, చదువా?”

“మా దగ్గర బట్టలేసినవాళ్లంతా చదువుకున్నవాళ్లే.”

“మరేం కావాలమ్మా?”

ఆవిడ చొక్కా మీద నీళ్లు చిలకరించింది. “ముందు నడిచేవాడు ఒకడుండాలి. మంచివాడు.”

తండ్రి గురించి అంటోందనుకుని రచయిత్రి రాసుకుంది.

“మీ అబ్బాయి చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పండి.”

పెద్దావిడ ముఖం వెలిగింది. “బళ్లో పెద్ద తరగతులు పొద్దున్న, చిన్న తరగతులు మధ్యాహ్నం. మావాడు పొద్దుటి బడి అవగానే గేటు దగ్గర చొక్కా విప్పి ఓ చిన్నపిల్లాడికి తొడిగేవాడు. గుండీలూ వాడే పెట్టేవాడు. ఆ ఏడుపుగొట్టుకి పెట్టుకోవడం వస్తేగా!”

“తన చొక్కా ఇచ్చేసేవాడా!”

“ఓరోజు వీడు బయటికి రావడం ఆలస్యమైంది. చిన్నాడు బడికి ఆలస్యంగా వచ్చాడని పెద్దమాస్టారు ఎండలో నిలబెట్టాడు. మావాడు చొక్కా లేకుండానే వెళ్లి పక్కన నిలబడ్డాడు. నువ్వెందుకురా అంటే, చొక్కా ఆలస్యంగా ఇచ్చింది నేను సార్ అన్నాడు. అది చూసి వాడి తరగతి పిల్లలంతా చొక్కాలు విప్పేసి వరసగా నిలబడ్డారు. చివరికి పెద్దమాస్టారే దిగొచ్చాడు.”

“ఆ ఏడుపుగొట్టు ఇప్పుడెక్కడున్నాడు?”

“ఉన్నాడమ్మా. ఏదో ఉద్యోగం. వేళకి తిండీ నిద్రా ఉండవు.”

రచయిత్రి నవ్వింది.

“ఇది పుస్తకంలో వస్తుందా తల్లీ?” ఆవిడ గొంతు తగ్గింది. “నేను పోతే మావాడి సంగతి చెప్పేవాళ్లుండరు.”

“భలేవారే! మీ అబ్బాయిని ఎవరు మర్చిపోతారు? కాకపోతే, సార్ ఒప్పుకోనిదే ఒక్క ముక్క కూడా అచ్చుకాదు.”

ఆవిడ ఇంకో చొక్కా తీసి బల్ల మీద పరిచింది.

నెల తిరిగాక రచయిత్రి ఆ అధ్యాయం పట్టుకొచ్చింది. సమావేశం మధ్యలోంచి నాయకుడు హడావిడిగా వెనకగదిలోకి వచ్చాడు. చొక్కా గుండీ ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. తల్లి దాన్ని సరిచేసి, మళ్లీ తన ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్లింది.

ఆయన నిలబడే చదవడం మొదలుపెట్టాడు. బడి గేటు దగ్గరికి వచ్చేసరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

“తప్పులేమైనా ఉన్నాయా సార్?” రచయిత్రి భయంగా అడిగింది.

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. ఆయన తల్లి వైపు చూశాడు. ఆవిడ తలెత్తలేదు.

“లేవు,” అన్నాడు ఆయన. “ఒక్క అక్షరం కూడా మార్చకండి.”

రచయిత్రి వెళ్లిపోయింది. గదిలో తడిబట్ట కాలిన వాసన. ఆయన లేచి వెళ్లి తల్లి చేతిలోంచి ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టాడు.

“ఆ ఏడుపుగొట్టు ఎవరో ఆవిడకెందుకు చెప్పలేదమ్మా?”

“నీ పేరు చెబితే, పోయిన మీ అన్నయ్య గురించి ఎవరు రాస్తారు నాన్నా?”