ఏనుగమ్మ వర్ధంతి సభ

వాగు ఎండిపోయిన ప్రతి వేసవిలోనూ ముసలి ఏనుగమ్మ ఇసుకలో చెలమలు తవ్వేది. అందరూ తాగాకే తాను తాగేది. అందుకే అడవంతా ఆమెను తమ పెద్దదిక్కుగా ఒప్పుకుంది. ఆమె పోయి ఏడాదైంది.

వర్ధంతి నాడు జంతువులన్నీ ఎండిన వాగులో సభ పెట్టాయి. నక్క అధ్యక్షత వహించింది.

"అమ్మ అడుగుజాడల్లో నడుద్దాం!" అని నక్క గొంతు చించుకుంటుంటే, వెనక నుంచి బరబరమని చప్పుడు వినిపించింది. అడవిపంది ముట్టెతో ఇసుక తవ్వుతోంది.

"అమ్మకు నివాళులు అర్పిస్తుంటే ఏమిటా మొరటుతనం?" అని నక్క గద్దించింది.

"జింకపిల్లలు దాహంతో సొమ్మసిల్లుతున్నాయయ్యా. చెలమ తవ్వుతున్నా."

"సభ అయ్యాక తవ్వుకో. ముందు బయటికి నడు!"

పంది వాగు మలుపు దాటి అక్కడ తవ్వింది. మధ్యాహ్నానికి నీరు ఊరింది. సంగతి తెలిసి సభంతా అక్కడికి పరుగెత్తింది. నక్క జింకపిల్లలను తోసుకుని వెళ్లి కడుపునిండా తాగి, మూతి తుడుచుకుంది.

"చూశారా! మన సభకు మెచ్చి అమ్మే నీళ్లిచ్చింది. వచ్చే ఏడు ఇంకా ఘనంగా చేద్దాం!"

జేజేలు మోగాయి. చెలమ అడుగంటింది.

వంతు రాని కుందేలు ఒక్కటే బిక్కమొహంతో మిగిలింది. పంది దాన్ని చూసి, కాస్త అవతల మళ్లీ తవ్వడం మొదలుపెట్టింది. కుందేలు కూడా వెళ్లి పక్కనే ముందుకాళ్లతో ఇసుక తోడసాగింది.