పోయే రోజు కోటు

తలుపు తీసింది డ్రైవరే. బతికే ఉన్నాడు!

నెల రోజులుగా ఆసుపత్రిలో మా క్యాన్సర్ రోగుల గుంపులో అతని కుర్చీ ఖాళీ. అక్కడ ఖాళీ కుర్చీ గురించి ఎవరూ ఎవరినీ అడగరు. నేను మాత్రం మాట తప్పకూడదని, కుట్టిన కోటు పట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వచ్చాను.

చావు భయం తగ్గాలంటే ఆ రోజుకి కావలసినదేదో ఇప్పుడే సిద్ధం చేసుకోమని మా గుంపుకి ధైర్యం చెప్పే కౌన్సెలరమ్మ చెప్పింది. "దర్జీ బావా, ఆ రోజుకి నాకో కోటు కుట్టు. ఆఖరిదాకా ఒకరికొకరం తోడు, సరేనా?" అన్నాడు డ్రైవరు. కొలతలు తీస్తుంటే టేపు సగానికి పైగా మిగిలిపోయింది. అప్పట్లో గుంపు మొత్తంలో అంత బక్కచిక్కినవాడు లేడు.

"ఫోనైనా చెయ్యలేదేంరా?"

అతను తల దించుకున్నాడు. "జబ్బు పూర్తిగా పోయిందన్నారు బావా. ఏ మొహం పెట్టుకుని చెప్పను నీకు?"

సంతోషించాలని తెలుసు. నోరు వింటేగా!

"నన్నొక్కణ్ణీ వదిలేసి బతికేస్తావట్రా?"

అతను కోటు అందుకుని తొడుక్కోబోయాడు. భుజాల దగ్గరే ఆగిపోయింది. గుండీలు ఆమడ దూరంలో ఉన్నాయి.

"ఒళ్ళొచ్చింది బావా," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

కోటు లాక్కుని వచ్చేశాను. వీధి మలుపులో చలేస్తే దాన్నే తొడుక్కున్నాను.

ఒక్క కుట్టు విప్పే పని లేకుండా నాకు సరిపోయింది.