ఏడో నంబరు నీళ్ళు

"ఒక సీసాడు నీళ్ళు ఇప్పిస్తారా అమ్మా?"

టైలరమ్మ మిషను ఆపకుండానే తలెత్తింది.

గేటు బయట నెరిసిన గడ్డం మనిషి. చేతిలో ప్లాస్టిక్ బుట్ట, అందులో పదకొండు సీసాలు.

"తాగడానికా?"

"కాదు. పరీక్షకి. మీ బోరు నీళ్ళు."

"ఎవరు పంపారు మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదు."

ఆ జవాబుతో ఆమెకి అనుమానం మొదలైంది.

"ఫిల్టర్లు అమ్ముతారా?"

"ఏమీ అమ్మనమ్మా."

లోపల్నుంచి అత్తగారు కేకేసింది.

"నీళ్ళేగా అడిగాడు. ఇచ్చి పంపు. మన బోరేమన్నా ఎండిపోతుందా?"

అతను మోటారు వేయించి, అయిదు నిమిషాలు నీళ్ళు వృథాగా పోనిచ్చాడు. ఆ తర్వాత సీసా నింపి, మూత బిగించి, మీద '7' అని చీటీ అంటించాడు. పక్కింటికి వెళ్ళాడు.

ఆ వీధికి పంపునీళ్ళు లేవు. పదకొండు ఇళ్ళు, పదకొండు బోర్లు. ఎవరి నీళ్ళు వాళ్ళకి గొప్ప. ఏడో నంబరు నీళ్ళకి సబ్బు బాగా నురగొస్తుందని అత్తగారు కొత్తవాళ్ళందరికీ చెబుతుంది.

అతను ప్రతినెలా వచ్చాడు. వీధివాళ్ళు సీసాలాయన అని పేరు పెట్టారు.

నాలుగోసారి వచ్చినప్పుడు సీసా చాపలేదు.

"అమ్మా, ఈ నీళ్ళు బట్టలకి వాడుకోండి. తాగడానికీ వంటకీ వద్దు."

"ఏం? తేటగానే ఉన్నాయిగా."

"అదే చిక్కు. రంగు ఉండదు, వాసన ఉండదు. పై వీధిలో ఇనుప సామానుకి పూత పూసే షెడ్డు ఉంది చూడండి. వాడేసిన మందునీళ్ళు వెనకాల గోతిలో వదులుతున్నారు. అవి భూమిలోకి దిగి ఇటు వస్తున్నాయి."

"కాచుకుని తాగుతాంలెండి."

"కాస్తే పోదమ్మా. నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది."

అత్తగారు గుమ్మంలోకి వచ్చింది.

"పదిహేనేళ్ళుగా ఇవే తాగుతున్నాను నాయనా. గుండ్రాయిలా ఉన్నాను."

ఆ గుండ్రాయి ఆ వారంలోనే రెండుసార్లు కడుపునొప్పని డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చింది. బయటివాడి ముందు ఆ మాట ఎవరంటారు?

సాయంత్రం నాలుగో నంబరు హెడ్మాస్టరుగారు ఇల్లిల్లూ తిరిగారు. రిటైరయ్యాక ఇల్లు అమ్మకానికి పెట్టారాయన.

"నీళ్ళు చెడ్డాయని ఒక్కసారి పేరు పడిందంటే ఈ వీధి మొహం ఎవడూ చూడడు. ఇకమీదట ఆ మనిషిని గుమ్మం తొక్కనివ్వకండి."

అందరూ తలూపారు. టైలరమ్మ కూడా ఊపింది.

మరుసటి నెల ఆమె పాపని చంకనేసుకుని గేటు దాకా వచ్చింది గానీ గొళ్ళెం తీయలేదు.

"సీసా నింపకపోతే పోనీండి. పాపకి మాత్రం ఈ నీళ్ళు పట్టకండి," అన్నాడతను గేటు అవతల్నుంచే.

"మా పాప సంగతి మేం చూసుకుంటాం. మీరింక రాకండి."

అతను ఏదో చెప్పబోయి ఆగాడు. బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ కనిపించలేదు.

మూడు నెలల తర్వాత వీధిలోకి రెండు జీపులొచ్చాయి. ఆఫీసువాళ్ళు బోర్లన్నీ పరీక్షించి, ఎనిమిదింటికి ఎర్రరంగు పూశారు. అన్నిటికన్నా ఎక్కువ విషం ఏడో నంబరులో తేలింది. షెడ్డుకి సీలు వేశారు. రోజూ ట్యాంకరు రావడం మొదలైంది. పైపుల కోసం కందకం తవ్వారు.

అత్తగారి రిపోర్టులు చూసి డాక్టరు అన్నాడు.

"ఇంకో ఏడాది ఆ నీళ్ళు తాగి ఉంటే జబ్బు మందులకి లొంగేది కాదు."

ట్యాంకరు దగ్గర నిలబడ్డ ఇంజనీరమ్మని టైలరమ్మ అడిగింది.

"మీకెలా తెలిసిందండీ?"

"ఒకాయన కాలేజీ ల్యాబులో పరీక్ష చేయించిన కాగితాలు పట్టుకుని మా ఆఫీసు చుట్టూ తిరిగాడు. మొదట్లో మేమూ పట్టించుకోలేదు. ఏ బోరు ఎంత లోతో, ఎక్కడ రాయి తగిలిందో కూడా రాసిచ్చాడు. దాంతోనే విషం ఎటు పారుతోందో కనిపెట్టగలిగాం."

ఫైలు చూసి చిరునామా చెప్పింది.

టైలరమ్మ బయల్దేరుతుంటే హెడ్మాస్టరుగారు చెప్పులేసుకుని వెంట వచ్చారు.

ఒంటిగది ఇల్లు. గుమ్మంలో ఒకావిడ చొక్కాకి గుండీలు కుడుతోంది.

"ఆయన లేరమ్మా. గుండెనొప్పి. ఆరు వారాలైంది."

జీపులు రావడం కూడా చూడలేదన్నమాట.

టైలరమ్మ చెప్పులు విడిచి ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"మేం గేటు తీయలేదండీ. తప్పయిందని చెప్పుకుందామని వచ్చాం."

"ఆ సంగతి నాతో చెప్పారు. మీమీద ఆయనకి కోపమేం లేదు. 'నా వాలకం చూస్తే ఎవరికి మాత్రం నమ్మబుద్ధవుతుంది' అని నవ్వారు."

హెడ్మాస్టరుగారు ముందుకొచ్చారు.

"ఆయన ఎక్కడ పనిచేసేవారమ్మా? ల్యాబులోనా?"

"ల్యాబా?" ఆవిడ దారం కొరికి, చొక్కా మడిచి పక్కన పెట్టింది. "బోరు బండి మీద పని బాబూ. పదిహేనేళ్ళ కిందట, గడ్డం లేని రోజుల్లో, మీ వీధిలో పదకొండు బోర్లూ ఆయన వేసినవే. నీళ్ళు పడ్డ ప్రతి ఇంట్లోనూ మొదటి గ్లాసు తనే తాగి, 'ఇక నిశ్చింతగా తాగండి' అని మాటిచ్చి వచ్చారు."